అల్లుడి బండికి మంచు బ్లేడు

మా బళ్ళారికి రెండే కాలాలని కొత్తగా బదిలీ అయి వచ్చిన ఆఫీసర్లు హాస్యమాడుతుంటారు. ఒకటి ఎండాకాలం, రెండోది మండే ఎండాకాలం. అలాంటి ఊళ్ళో పుట్టి, నలభై ఏళ్ళు లారీలకు కమాన్ కట్టలు కట్టి బతికినవాణ్ణి నేను. మంచంటే నాకు తెలిసింది సోడా బండి మీద గోనెపట్టా కప్పిన ఐసుగడ్డ, ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవ గట్టు మీద కనిపించే పొగమంచు, అంతే. అటువంటి నన్ను 2023 అక్టోబరులో మా అమ్మాయి అమెరికా పిలిపించుకుంది. దాని కాపురం బఫెలో నగరానికి దక్షిణాన, కారులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఆర్చర్డ్ పార్క్ అనే చిన్న ఊళ్ళో.

నయాగరా చూశాం. దాన్ని గురించి మన పత్రికలోనే ఇదివరకు చాలామంది రాసి ఉంటారు కనుక నేను మళ్ళీ రాయను. నేను రాయబోయేది ఒక ఇనుప బ్లేడును గురించి. దాన్ని అల్లుడి బండికి తగిలించాలా వద్దా అని మా ఇంట్లో మూడు వారాలు నడిచిన పంచాయితీని గురించి.

సరస్సు చేసే పని

ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. బఫెలో పక్కనే ఎరీ సరస్సు ఉంది. సరస్సంటే మన చెరువు లెక్క కాదు. ఈ చివర నుంచి ఆ చివరకు 388 కిలోమీటర్లు, అంటే బళ్ళారి నుంచి హైదరాబాదు దాటి పోవచ్చు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు, సముద్రమే అనిపిస్తుంది. అయితే అక్కడి ఐదు మహా సరస్సుల్లో లోతు తక్కువైనది ఇదే. వేసవంతా కాగిన నీరు నవంబరు దాకా వెచ్చగా ఉంటుంది. అప్పుడు పైనుంచి గడ్డకట్టించే చలిగాలి వచ్చి ఈ నీటి మీదుగా నిడివి పొడవునా పరుగెత్తుకొస్తుంది. దారి పొడవునా తేమ తాగి తాగి, ఒడ్డు చేరగానే ఆ తేమనంతా మంచుగా కుమ్మరిస్తుంది.

విచిత్రం ఏమిటంటే ఈ మంచు ఊరంతా పడదు. మన వాన ఒక వీధిలో కురిసి పక్క వీధిలో కురవనట్టే, ఒక సన్నని పట్టీలాగా పడుతుంది. 2014 నవంబరులో బఫెలో దక్షిణాన కొన్నిచోట్ల ఐదారడుగులు దాటి పడితే, కొన్ని మైళ్ళ ఉత్తరాన ఉన్నవాళ్ళు మామూలుగా ఆఫీసులకు వెళ్ళారట. మళ్ళీ 2022 నవంబరులో ఆర్చర్డ్ పార్కులోనే నాలుగు రోజుల్లో 80 అంగుళాల దాకా పడింది. ఆ ఊళ్ళోనే ఉన్న పెద్ద స్టేడియంలో ఆదివారం జరగవలసిన ఫుట్‌బాల్ ఆట డెట్రాయిట్‌కు తరలిపోయింది. నెల తిరిగేసరికి క్రిస్మస్ ముందు ఇంకో తుపాను. ఈసారి మంచు కన్నా గాలి ఎక్కువ. బఫెలోలో 37 గంటలు ఎదుటి మనిషి కనిపించలేదు. ఆ చుట్టుపట్ల 40 మందికి పైగా చనిపోయారు. కార్లలో చిక్కుకుని కొందరు, మంచు ఎత్తుతూ గుండె ఆగి కొందరు, అంబులెన్సు రాలేక కొందరు.

ఇవన్నీ అమ్మాయి నాకు ఫోనులో చెప్పలేదు. అక్కడికి పోయాక పక్కింటి పెద్దాయన చెప్పాడు.

పక్కింటి పెద్దాయన

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పడుచుతనంలో లాకవన్నాలో బెత్లెహెం స్టీలు కర్మాగారంలో పనిచేశాడు. ఆ కర్మాగారం ఒకప్పుడు వేలమందికి అన్నం పెట్టింది, 1983లో అక్కడ ఉక్కు తీయడం ఆగిపోయింది. ఇప్పుడా సరస్సు ఒడ్డున గాలిమరలు తిరుగుతున్నాయి. నేను ఇనుప ఖనిజం ఊరివాణ్ణని అమ్మాయి ఇంగ్లీషులో చెప్పగానే ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు వచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు, ఆయనకు తెలుగు సున్న. అయినా బేరింగు, యాక్సిల్, స్ప్రింగు అన్న మాటలతోనే మేము గంటలు గడిపేవాళ్ళం. మిగతాది అమ్మాయి అనువాదం.

ఆయనకు రెండు మూత్రపిండాలూ పోయాయి. మంగళ, గురు, శనివారాల్లో డయాలిసిస్. భార్య కారు నడిపి తీసుకుపోతుంది. 2022 నవంబరులో మంచు గురువారం రాత్రి మొదలైంది. శనివారం డయాలిసిస్ తప్పిపోయింది. వీధి మూసుకుపోయింది, తలుపు తీస్తే ఎదురుగా మంచు గోడ. సోమవారం పెద్ద లోడర్లు వచ్చి వీధి తెరిచేదాకా ఆయన కాళ్ళు ఉబ్బి, ఊపిరి అందక కుర్చీలోనే కూర్చున్నాడట. మా అల్లుడు పార పట్టుకుని రెండు రోజులు తవ్వినా వాళ్ళ కారు బాట సగం కూడా తెరవలేకపోయాడు. బాట తెరిచినా వీధి లేదు కదా.

ఆ దృశ్యం మా అల్లుడి మనసులో మేకు కొట్టినట్టు ఉండిపోయింది. అందుకే మరుసటి ఏడు అక్టోబరులో నేను దిగేసరికి అతను ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. తన బండికి మంచు తోసే బ్లేడు తగిలిస్తాడట.

బ్లేడంటే ఏమిటి?

అక్కడ ట్రక్కంటే మన లారీ కాదు. ముందు నలుగురు కూర్చుని, వెనక సామాను వేసుకునే పికప్ బండి. అల్లుడిది హాఫ్-టన్ తరగతి. దాన్ని మొన్నమొన్ననే కంతుల మీద కొన్నాడు. పాపను బడికి దింపేది, కూరగాయలు తెచ్చేది, ఆఫీసుకు వెళ్ళేది అన్నీ అందులోనే.

ఈ బండి ముందు ఏడున్నర అడుగుల వెడల్పు ఇనుప బ్లేడు తగిలిస్తారు. ఇంగ్లీషులో దాన్ని స్నో ప్లౌ అంటారు. ప్లౌ అంటే నాగలి అని మనం బళ్ళో చదువుకున్నాం గాని, ఇది దున్నేది కాదు, తోసేది. మన దగ్గర పొలం చదును చేసే ట్రాక్టరు బ్లేడుకు దగ్గరి చుట్టం. లోపల కూర్చుని చేతిలో చిన్న పిడి తిప్పితే, హైడ్రాలిక్ పంపు దాన్ని లేపుతుంది, దించుతుంది, కుడికీ ఎడమకీ వంచుతుంది. మంచు కింద దాగిన రాయో, కాంక్రీటు అంచో తగిలితే బండి దెబ్బతినకుండా బ్లేడు తనంతట తాను ముందుకు వాలి మళ్ళీ లేస్తుంది. ఆ పని చేసేవి దాని వెనక ఉన్న లావుపాటి స్ప్రింగులు. వాటిని చూడగానే నాకు మా షాపు గుర్తొచ్చింది.

బిగించడంతో కలిపి ఆరు వేల డాలర్లకు పైచిలుకు చెప్పారు. అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఊరికే పోదు," అన్నాడు అల్లుడు. "మన బాట, పక్కింటివాళ్ళ బాట తోసుకోవచ్చు. శని, ఆదివారాల్లో ఇంకో పదిళ్ళకు తోస్తే రెండు శీతాకాలాల్లో డబ్బు తిరిగి వస్తుంది. మామా, మీరు చెప్పండి. బండ్ల సంగతి మీకు తెలియనిదా?"

అల్లుడు అలా అడిగితే ఏ మామకైనా ముచ్చటగానే ఉంటుంది. "ఆలోచిద్దాం బాబూ, ముందు బండిని కాటాకు పెడదాం," అన్నాను.

కాటా చీటీ

డ్రైవరు వైపు తలుపు తీస్తే, గుమ్మం దగ్గర ఒక చీటీ అంటించి ఉంటుంది. ముందు యాక్సిల్ ఎంత మోయవచ్చు, వెనక యాక్సిల్ ఎంత మోయవచ్చు, మొత్తం ఎంత అన్నది బండి చేసినవాళ్ళే అందులో రాస్తారు. అల్లుడు అన్నేళ్ళూ ఆ తలుపు తీస్తూ వేస్తూ దాన్ని చూడలేదు. ముందు యాక్సిల్‌కు 3,600 పౌన్లు అని ఉంది.

హైవే పక్కన లారీలు ఆగే చోట ఒక కాటా ఉంది. అక్కడ ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద నిలబెడితే విడివిడిగా తూకం వేసి చీటీ ఇస్తారు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, ఇద్దరం ముందు సీట్లలో కూర్చుని తూయించాం. ముందు యాక్సిల్ మీద 3,150 పౌన్లు వచ్చింది. అంటే ఇంకా 450 పౌన్లకు చోటుంది.

బ్లేడూ దాని చట్రమూ కలిపి 430 పౌన్లు. మన లెక్కలో 195 కిలోలు.

అల్లుడి ముఖం వెలిగిపోయింది. "చూశారా మామా, ఇంకా ఇరవై మిగిలింది!"

నేను నవ్వాను. "బాబూ, నీళ్ళ బిందె చంకన పెట్టుకుంటే ఎంత బరువు? అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే ఎంత బరువు?"

బ్లేడు బండి లోపల కూర్చోదు, ముందుకు వేలాడుతుంది. ముందు చక్రం నడుమ నుంచి ఇంచుమించు ఐదడుగుల దూరాన దాని బరువుంటుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య పన్నెండడుగులు. త్రాసు కాడ లాగా లెక్క వేస్తే, బ్లేడు లేపి రోడ్డు మీద పోయేటప్పుడు ముందు యాక్సిల్ మీద పడేది 430 కాదు, 600 దాటుతుంది. అదే సమయంలో వెనక చక్రాలు తేలికైపోతాయి. మంచు మీద వెనక తేలికైన బండి ఎలా నడుస్తుందో చెప్పనక్కర లేదు.

వెనక ఇసుక మూటలు వేస్తే? వేస్తారు, వేయాలి కూడా. అరవై పౌన్ల మూటలు ఆరు, వెనక చక్రాలు దాటి చివరాఖరున పెడితే, ముందు భారం ఓ తొంభై పౌన్లు తగ్గుతుంది. అప్పటికీ లెక్క ప్రకారం ఇంకా డెబ్బై పౌన్లు ఎక్కువే.

కాగితం మీద ఇదంతా వేసి చూపించాను. అల్లుడు ఇంజనీరు, లెక్క నాకన్నా బాగా తెలిసినవాడు. ఒప్పుకున్నాడు. ఒప్పుకుని వెంటనే అన్నాడు.

"డెబ్బై పౌన్లే కదా మామా. ముప్పై కిలోలు. ముందు వంగకుండా స్ప్రింగుల దగ్గర రబ్బరు దిమ్మలు దొరుకుతాయి. అవి వేయిస్తే బండి తలెత్తుకుని నిలబడుతుంది. మీరే వేయవచ్చు, గంట పని."

ఆ మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను. తలనొప్పిగా ఉందని లోపలికి వెళ్ళి పడుకున్నాను.

చెప్పవలసిన సంగతి

ఆ మాట నేను అంతకుముందు విన్నాను. వందసార్లు విన్నాను. "ఒక్క టన్నే కదా అన్నా. ఒక పట్టీ ఎక్కువ వెయ్యి, బండి తలెత్తుకుని నిలబడుతుంది."

మా ఊళ్ళో ఖనిజం గాలి వీచిన రోజులు పాఠకుల్లో కొందరికి గుర్తుండే ఉంటాయి. సండూరు, హొసపేటె గనుల నుంచి రేవులకు రాత్రింబవళ్ళు లారీలు. ఎర్రటి దుమ్ములో చెట్లు, ఇళ్ళు, మనుషుల కనుబొమ్మలు కూడా ఎర్రగా ఉండేవి. 2011 జూలైలో సుప్రీంకోర్టు గనులు ఆపమనేదాకా అదే జోరు. ఎంత ఎక్కువ ఎత్తితే అంత డబ్బు. లారీ వెనక కుంగితే చెకింగు వాళ్ళకు తెలిసిపోతుంది కనుక, కమాన్ కట్టలో పట్టీలు పెంచమని యజమానులు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. మేము పెంచేవాళ్ళం. నేను పెంచేవాణ్ణి. రోజుకు నాలుగు బండ్లు. మా ఇల్లు లేచింది అప్పుడే. మా అమ్మాయి చదువు సాగింది ఆ డబ్బుతోనే.

2007లో ఒక లారీకి అలా రెండు పట్టీలు ఎక్కువ వేశాను. దాని డ్రైవరు నాకు బాగా తెలిసినవాడు, మా షాపు ముందు టీ తాగేవాడు. "అన్నా, ఘాటులో బ్రేకు నిలవడం లేదు, యజమానికి నువ్వన్నా చెప్పు" అని నాతో అన్నాడు. నేను చెప్పలేదు. యజమాని నా ఖాతాదారు. వారం తిరగక ముందే అరబైల్ ఘాటు దిగేటప్పుడు ఆ లారీ బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. బండి బోల్తా పడింది. క్లీనరు కుర్రాడు దూకి బతికాడు. డ్రైవరుకు కుడికాలు మోకాలి కింద తీసేశారు.

తరువాత ఆ బండిని క్రేనుతో మా షాపుకే తెచ్చారు. నేను వంగి చూశాను. నేను వేసిన కమాన్ చెక్కు చెదరలేదు. దాని పక్కనున్నవన్నీ పోయాయి.

ఈ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ పోయేదాకా ఆమెకు కూడా తెలియదు.

ఆ రాత్రి అన్నాల తరువాత అల్లుణ్ణీ అమ్మాయినీ గ్యారేజీలోకి పిలిచి, ఆ బండి ముందు స్టూలు వేసుకుని కూర్చుని అంతా చెప్పాను. చెప్పి, చివరకు ఇలా అన్నాను. "రబ్బరు దిమ్మ వేస్తే బండి వంగదు. వంగకపోతే మోయగలదని మనం అనుకుంటాం. కాని బాల్ జాయింట్లు, చక్రాల బేరింగులు, బ్రేకులు, టైర్లు అన్నీ పాతవే. వాటికి ఎవరూ దిమ్మ వేయలేదు. ఆ చీటీలో అంకె స్ప్రింగుది మాత్రమే కాదు బాబూ, అన్నింటికన్నా బలహీనమైనదాన్ని చూసి వేసిన అంకె అది. ఆ బండిలో నువ్వు పాపను బడికి తీసుకుపోతావు."

అల్లుడు ఏమీ అనలేదు. అమ్మాయి మాత్రం చాలాసేపటికి ఒకే ప్రశ్న అడిగింది. "నాయనా, ఆ డ్రైవరు ఇప్పుడెక్కడున్నాడు?"

నాకు తెలియదన్నాను. అది అబద్ధం కాదు. తెలుసుకోలేదు, అంతే.

మరి సాయం ఎలా?

బ్లేడు వద్దనడం తేలిక. పక్కింటాయన సంగతి ఏమిటి? మరునాడు ముగ్గురం ఆయన వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. అల్లుడు కాటా చీటీ చూపించి, తగిలించలేనని సిగ్గుపడుతూ చెప్పాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చీటీ చూసి నవ్వాడు. తనను కూడా వారానికి మూడుసార్లు కాటా వేస్తారట. డయాలిసిస్‌కు ముందు ఒకసారి, తరువాత ఒకసారి. ఒంట్లో ఎంత నీరు చేరింది, ఎంత తీయాలి అన్నది ఆ తూకమే చెబుతుంది. "అంకెతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు," అన్నాడాయన.

తరువాత ఆయన చెప్పింది మాకెవరికీ తట్టని సంగతి. ఆరడుగుల మంచు పడితే పికప్ బ్లేడు ఎందుకూ పనికిరాదు. అది తోసేదే గాని ఎత్తేది కాదు. తోసిన మంచు పోవడానికి చోటుండాలి. 1977 జనవరిలో, 2014లో, 2022లో ఊరిని తెరిచింది పెద్ద లోడర్లూ టిప్పర్లూ. పైగా అటువంటి రోజుల్లో బండ్లు రోడ్డు మీదికి రాకూడదని కౌంటీ నిషేధం పెడుతుంది. కాబట్టి పెద్ద తుపానుకు కావలసింది బ్లేడు కాదు, ముందు జాగ్రత్త. డయాలిసిస్ సెంటరు వాళ్ళు ఇచ్చిన కాగితం ఒకటి ఆయన ఫ్రిజ్ మీద అతికించి ఉంది. తుపాను హెచ్చరిక రాగానే ఫోను చేసి వంతు ముందుకు జరిపించుకోవడం, వెళ్ళలేకపోతే మూడు రోజులు నీరు, ఉప్పు, పొటాషియం బాగా తగ్గించి తినవలసిన తిండి, ఎవరికి ఫోను చేయాలి అన్నీ అందులో ఉన్నాయి. 2022లో కూడా ఆ కాగితం అక్కడే ఉందట. దాన్ని ఎవరూ చదవలేదు.

ఇక మామూలు రోజుల మంచు. ఆరంగుళాలు, పదంగుళాలు. దానికి అసలు బాధ వేరే ఉంది. మునిసిపాలిటీ బండి వీధి తోసుకుంటూ పోయేటప్పుడు ప్రతి ఇంటి బాట మూతి దగ్గర ఒక గట్టు వదిలిపోతుంది. నలిగి, ఉప్పు తడి తగిలి, గంటలో రాయిలా బిగుసుకునే గట్టు. ముసలివాళ్ళ గుండెలు ఆగేది ఎక్కువగా దాన్ని పారతో ఎత్తబోయి. దాన్ని తియ్యడానికి రెండంచెల స్నో బ్లోయరు చాలు. ముందున్న మరపళ్ళు మంచును నమిలి లోపలికి లాగుతాయి, వెనక రెక్కలు గొట్టంలోంచి ఇరవై అడుగుల దూరం విసిరేస్తాయి. చేత్తో పట్టుకుని దాని వెనక నడవడమే. ధర పదమూడు వందల డాలర్లు. అందులో సగం పెద్దాయన ఇస్తానన్నాడు. అల్లుడు వద్దన్నాడు. చివరకు పెట్రోలు ఆయనది, చాకిరీ ఇతనిది అని ఒప్పందం కుదిరింది.

పదిళ్ళ కాంట్రాక్టు ఆలోచన ఇన్సూరెన్సు ఏజెంటు మాటతో ఆగిపోయింది. డబ్బు తీసుకుని తోస్తే సొంత బండి పాలసీ వర్తించదట, వ్యాపార పాలసీ వేరే కొనాలట. బ్లేడు ఎవరి గ్యారేజీ తలుపుకో తగిలినా, తోసినచోట నల్లమంచు మీద ఎవరు జారిపడినా లెక్క మన మీదికే వస్తుంది.

బ్లేడు పెట్టుకోవడమే తప్పని నేననడం లేదు. మా వీధి చివర ఒకాయనకు త్రీ-క్వార్టర్ టన్ను బండి ఉంది. ముందు యాక్సిల్ బరువుకు తగ్గట్టు చేసింది, బ్లేడు కోసమే సిద్ధంగా కొన్నది. ఆయన దర్జాగా తోసుకుంటాడు. తేలిక బండ్లకు అల్యూమినియంతో చేసిన తక్కువ బరువు బ్లేడులు కూడా దొరుకుతాయి. చీటీ ఒప్పుకుంటే తగిలించుకోవచ్చు. అమ్మేవాడి మాట, పక్కింటివాడి బండి కొలమానం కాదని మాత్రమే చెప్పొచ్చేది.

జనవరి పరీక్ష

నవంబరులో నేల గడ్డకట్టక ముందే బాటకు రెండు వైపులా ఎర్ర పుల్లలు పాతాం. మంచు పడ్డాక పచ్చిక ఎక్కడో, బాట ఎక్కడో తెలియదు కదా. డిసెంబరంతా పెద్దగా మంచు లేకుండానే పోయింది. "డబ్బు దండగైందా?" అని అమ్మాయి ఎత్తిపొడిచింది.

2024 జనవరి 13, శనివారం. హెచ్చరిక రెండు రోజుల ముందే వచ్చింది. ఈసారి మా పక్కింట్లో ఆ ఫ్రిజ్ కాగితం కిందికి దిగింది. ఫోను చేస్తే శనివారం వంతు శుక్రవారానికి మార్చారు. శనివారం రాత్రి నుంచి కౌంటీలో బండ్లు నిషేధం. నేను కిటికీ దగ్గర కూర్చుని చూస్తే వీధి దీపం కూడా కనిపించలేదు. మంచు పడే చప్పుడు ఉండదు. మన వానకు చప్పుడుంటుంది, ధైర్యంగా ఉంటుంది. ఇది దొంగలా వచ్చి ఇంటిని పూడ్చేస్తుంది.

ఆదివారం ఆడవలసిన ఫుట్‌బాల్ ఆటను సోమవారానికి వాయిదా వేశారు. స్టేడియంలో మంచు ఎత్తడానికి గంటకు 20 డాలర్లిస్తాం రమ్మని ఊరివాళ్ళను పిలిచారు. కుర్రాళ్ళు పారలు భుజాన వేసుకుని, మన ఊళ్ళో తేరు లాగడానికి పోయినట్టు నవ్వుకుంటూ పోయారు.

మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు అల్లుడు లేచాడు. నేనూ లేచి, ఉన్న బట్టలన్నీ తొడుక్కుని, గ్యారేజీ తలుపు దగ్గర లైటు పట్టుకుని నిలబడ్డాను. ముందు రెండు రోజులుగా విడతలు విడతలుగా తీస్తూ ఉన్నాం కనుక మిగిలింది ఆ రాత్రి పడిందీ, బాట మూతి దగ్గర నడుమెత్తు గట్టూ. బ్లోయరు మొరాయించింది, తగ్గింది, మళ్ళీ కొరికింది. రెండు చోట్ల ఇనుప గడతో పగలగొట్టి దానికి అందించవలసి వచ్చింది. ముందు పక్కింటి బాట. ముప్పావు గంటలో తెరుచుకుంది. ఆరింటికి పెద్దావిడ కారు వెనక్కి తీసింది. పెద్దాయన అద్దం దించి అల్లుడితో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగితే అల్లుడు, "బ్లేడు లేకపోయినా ఫరవాలేదు, మీ మామను మాత్రం వెనక్కి పంపొద్దన్నాడు," అని నవ్వాడు.

మన బాట తీసేసరికి తెల్లారింది. ఆ రోజు పాపకు బడి లేదు.

తిరిగి వచ్చాక

మార్చిలో బళ్ళారి చేరాను. అప్పటికే ఎండ మొదలైంది. పర్సులో ఆ కాటా చీటీ ఇంకా ఉంది. షాపు ఇప్పుడు మా తమ్ముడి కొడుకు చూస్తున్నాడు. నేను పోయి కూర్చుంటే పాత డ్రైవర్లు పలకరిస్తారు. వాళ్ళలో ఒకడి ద్వారా విచారించి, రెండు వారాలకు కనుక్కున్నాను. హొసపేటె దగ్గర రోడ్డు పక్కన పంక్చరు షాపు పెట్టుకుని ఉన్నాడు. అదే డ్రైవరు.

బస్సు దిగి ఎదురుగా నిలబడితే గుర్తుపట్టాడు. "అన్నా, ముసలోడివైపోయావే," అన్నాడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. చెప్పవలసింది చెప్పాను. యజమానికి నేను చెప్పి ఉండవలసిన మాట, వేయకూడని రెండు పట్టీలు. అతను వింటూ ట్యూబు మీద రాపిడి కాగితం రుద్దుతూనే ఉన్నాడు. చాలాసేపటికి, "నాకు తెలుసులే అన్నా. బండి నేనే కదా తోలింది," అన్నాడు. దానికి అర్థం క్షమించానని కాదు, క్షమించలేదని కూడా కాదు. నేను అడగలేదు.

లేవబోతుంటే, ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావని అడిగాడు. మంచు దేశం పోయానని చెప్పాను. మొత్తం విన్నాడు. సరస్సు, గట్టు, బ్లేడు, కాటా. విని, లారీ నడిపినవాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

"మంచు ఎంత తూగుతుంది అన్నా?"

"కొత్తగా పడింది దూది లాగుంటుంది," అన్నాను. "తొక్కి, తడిసి, గడ్డకట్టిందంటే మన ఖనిజం గుర్తొస్తుంది."

అతను తల ఊపి, ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడసాగాడు. నేను బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.